సల్మెలిన్ బుట్ట

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి మా ఊళ్ళో ఎవరినడిగినా చెప్పరు. మా ఊళ్ళో ఎవరూ ఏదీ చెప్పరు, నా కోపానికి కారణం కూడా అదే.

ముప్ఫై నాలుగేళ్ళుగా మా ఊరు సువోకన్నస్ చర్చిలో సంగీతం ఉద్యోగం నాది. ఆదివారం ఆర్గన్ వాయించాలి, గురువారం బృందగానం నేర్పాలి, మధ్యలో పెళ్ళిళ్ళూ చావులూ. ఇన్నేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు "ఇర్యా, ఇవాళ బావుంది" అన్న పాపాన పోలేదు. ఒక క్రిస్మస్ నాడు ఆర్గన్ గొట్టం ఒకటి ఇరుక్కుపోయి ప్రార్థన అయ్యేదాకా రైలుకూత పెట్టింది. దాని గురించీ ఎవరూ ఏమీ అనలేదు. మెచ్చుకోకపోతే మానె, కనీసం తిట్టొచ్చు కదా! మా ఆయన చనిపోయిన చలికాలం ఒక్కరూ వచ్చి పలకరించలేదు. పొద్దున లేచేసరికి గుమ్మం ముందు మంచు మాత్రం శుభ్రంగా తోసి ఉండేది, మార్చి దాకా. ఎవరు తోస్తున్నారని పక్కింటాయన్ని అడిగితే ఆకాశం కేసి చూసి, "గాలికి పోయుంటుంది" అన్నాడు.

అలాంటి ఊరి చేత ఒక్క మంచి మాట అనిపించాలని నేను పూనుకున్నాను. బుద్ధి తక్కువై.

ఈ ఉద్యోగంలో నా కంటే ముందు ఒకాయన, ఆయన కంటే ముందు వెర్నెర్ సల్మెలిన్ అని ఒకాయన ఉండేవాడు. యుద్ధం అయిన మరుసటేడు సముద్రం పక్క తుర్కు పట్నం నుంచి వచ్చాడు. వచ్చినప్పుడు సంగీతం రాసేవాడు. గొప్పవాళ్ళ పేర్లు రాసే పుస్తకాల్లో ఆయన పేరు మీకు కనబడదు, వెతకనక్కర్లేదు. చిన్నప్పుడు నేను చూశాను. గడకర్రలా పొడుగు, సన్నం, పిల్లలకి కూడా టోపీ ఎత్తి మర్యాద చేసేవాడు. మా ఊళ్ళో ఆయన మిగిలింది ఒక్క సామెతలో. ఎవరైనా పెట్టింది వద్దంటే, "సల్మెలిన్ బుట్ట చెయ్యకు, తిను" అంటారు. మా అవ్వ నాతో రోజూ అనేది. మనిషి అంత సన్నం కదా, తిండి దగ్గర పేచీ పెట్టేవాడేమో అనుకున్నాను. అడగలేదు. అడిగితే మాత్రం చెప్పేదెవరు?

ఆయన కూతురు హెల్వీ గారికి ఎనభై ఆరేళ్ళు. తుర్కులో గ్రంథాలయంలో పనిచేసి రిటైరయింది. చెరువు గట్టున ఉన్న నాన్నగారి పాత ఇంటికి ఏటా ఆగస్టులో రెండు వారాలు వచ్చి ఉంటుంది. మనిషి పద్ధతి అంటే పద్ధతి. చెంచాలు కూడా వరసగా ఒకే వైపు తిరిగి పడుకోవాలి. మూడేళ్ళ కిందట అటక మీద వాన కారుతోందని, పాత కీర్తనల పుస్తకాలేవో తడుస్తున్నాయని నన్ను పిలిచింది. కీర్తనల పుస్తకాల వెనక ఒక చెక్క పెట్టె ఉంది. అందులో ముప్ఫై ఒక్క రచనలు, అన్నీ ఆయన చేతిరాతలో.

పైనున్నదాని పేరు 'కొంగలు లేచిన వేళ'. నాలుగు తీగవాద్యాలకీ బృందగానానికీ రాసినది. ఆవిడ పియానో శ్రుతి తప్పి ఏడుస్తోంది, అయినా కూర్చుని వాయించాను. మొదట మంద్రంలో మగవాళ్ళు నోరు తెరవకుండా మూలుగుతారు, పొగమంచు చిత్తడి నేల మీద పడి ఉన్నట్టు. దాని మీద ఒక వయొలిన్ ఒంటరిగా పిలుస్తుంది. ఎవరూ బదులివ్వరు. మళ్ళీ పిలుస్తుంది. తర్వాత పదకొండు లెక్కలు, అంటే పదకొండు తాళం దెబ్బల సేపు, అందరూ ఆగిపోవాలి, ఊపిరి కూడా వినబడకూడదు. అప్పుడు ఒక్కసారిగా గొంతులన్నీ లేస్తాయి. నేను లేచేసరికి టీ చల్లారి మీగడ కట్టింది. కళ్ళు తుడుచుకోవడానికి రుమాలు వెతుక్కున్నాను. మా ఊరి చిత్తడిని మా ఊళ్ళో పుట్టినవాళ్ళెవరూ ఇలా వినలేదు, ఎక్కడో సముద్రం పక్కన పుట్టినవాడు విన్నాడు.

"ఇది ఎప్పుడు పాడారు?" అని అడిగాను.

"ఒక్కసారి. నలభై తొమ్మిదిలో, మీ చర్చిలోనే. నాకు పదకొండేళ్ళు," అంది హెల్వీ గారు. "ఎవరూ ఒక్క మాట అనలేదు. నాన్న ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు బతికాడు, ఒక్క స్వరం రాయలేదు. పోయేముందు నాతో ఒట్టు వేయించుకున్నాడు. ఈ ఊరికి అక్కర్లేనిది ఇంకెవరికీ అక్కర్లేదు, కాల్చెయ్యమన్నాడు."

"మరి కాల్చలేదే?"

"ఏటా కాలుద్దామనే వస్తాను."

హెల్సింకీలో సంగీత రాతప్రతులు దాచే భాండాగారం ఉంది, వాళ్ళు ఎగిరి గంతేసి తీసుకుంటారు అన్నాను. ఒప్పుకోలేదు. రెండేళ్ళు వెంటపడ్డాను. చివరికి ఒక షరతు పెట్టింది. "పాడించండి. ఈ ఊళ్ళో ఒక్క మనిషి వచ్చి నాతో ఒక్క మంచి మాట అంటే పెట్టె భాండాగారానికి. అనకపోతే ఆ శనివారమే మా ఆవిరిస్నానాల సౌనా పొయ్యిలోకి. ఇల్లు కూడా అమ్మేస్తున్నాను, ఇదే ఆఖరు." ముప్ఫై ఒక్క రచనలు, సువోకన్నస్ వాళ్ళ నోటి మీద ఆధారపడి ఉన్నాయి! అదే నా తలరాత.

మా బృందంలో పద్నాలుగు మంది. పదకొండు లెక్కల నిశ్శబ్దం మాత్రం మొదటి రోజే ఒక్క తప్పు లేకుండా చేశారు. మిగతాదానికి ఏడాది పట్టింది, తల ప్రాణం తోకకొచ్చింది. అందరిలోకీ నన్ను కాల్చుకు తిన్నవాడు తైస్తో లెయినోనెన్. నాతో ఒకే బెంచీలో చదివాడు. చలికాలం మంచు తోసే బండి నడుపుతాడు, మిగతా కాలం దాన్ని బాగుచేస్తాడు. స్వరాలు చదవడం రాదు. అలాంటివాడు మొదటి సాధనలోనే మంద్రం మొత్తం పాడేశాడు, ఒక్క చోట తప్ప. నిశ్శబ్దం తర్వాత వచ్చే రెండో స్వరం అర మెట్టు కింద పాడతాడు.

"తైస్తో, అది కాదు, పైన."

"ఊఁ."

మళ్ళీ కిందే పాడతాడు.

"ఒరే, పైన అంటున్నానా? నా చేతిలో సల్మెలిన్ రాసిన ప్రతి ఉంది!"

"ఊఁ," అని మళ్ళీ కిందే. ఏడాది పొడుగునా ఇదే రామాయణం. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, కొరుకుతున్నావేమిటని అయినా అడిగాడట. మావాడు అదీ అడగడు.

కచేరీకి ముందు గురువారం, అసలు సాధన పూర్తయ్యాక, అందరినీ కూర్చోబెట్టి ఇంకో సాధన పెట్టాను. "రేపు కాఫీ దగ్గర ఎవరో ఒకరు హెల్వీ గారి దగ్గరికెళ్ళి, 'మీ నాన్నగారి పాట చాలా బావుంది' అనాలి. అంతే. అనకపోతే పెట్టె మొత్తం పొయ్యిపాలు. ఎవరంటారు?"

అందరూ బూట్లు చూసుకున్నారు.

పై గొంతు పాడే లెంపికి డెబ్బై దాటాయి, మా హాల్లో కాఫీ, బన్నుల సంగతి ఆవిడే చూస్తుంది. ఆవిడే కాస్త కదిలింది. "'చాలా' అని కూడా అనాలా?"

"'చాలా' వద్దులే. 'బావుంది' చాలు."

"'పరవాలేదు' అంటే?"

"లెంపీ, తుర్కు వాళ్ళకి 'పరవాలేదు' అంటే పరవాలేదనే అర్థం. మనలాగా కాదు."

తైస్తో గొంతు సవరించుకున్నాడు. "బాగుండబట్టే కదా ఇంతమందిమి ఏడాది నిలబడి పాడింది. మళ్ళీ చెప్పడమెందుకు? చెప్పుకుంటే అబద్ధంలా ఉంటుంది."

"ఒరే తైస్తో, నీకు దణ్ణం పెడతాను. ఒక్కసారి నాతో అను. బా-వుం-ది."

వాడి మొహం కందగడ్డయింది. నోరు తెరిచాడు, మూశాడు, లేచి వెళ్ళి కిటికీ మూశాడు. "దోమలొస్తున్నాయి," అన్నాడు.

శుక్రవారం సాయంత్రం ఆరింటికి కచేరీ. కుఓపియో నుంచి నలుగురు కుర్ర వాద్యకారులు వచ్చారు. చర్చి నిండింది, గుమ్మంలో కూడా నిలబడ్డారు, అది చూసి నాకే భయమేసింది. హెల్వీ గారు ముందు వరసలో నీలం గౌను వేసుకుని, చేతిసంచీ ఒళ్ళో నిటారుగా పెట్టుకుని కూర్చుంది. వయొలిన్ పిలిచింది. బదులు లేదు. మళ్ళీ పిలిచింది. పదకొండు లెక్కలు మూడొందల మంది ఊపిరి బిగబట్టారు, ఎక్కడో ఒక ఈగ మాత్రం ఎగిరింది. అప్పుడు మావాళ్ళు లేచారు. ఎలా పాడారో నేను చెప్పలేను, ముప్ఫై నాలుగేళ్ళలో వాళ్ళ నుంచి అలాంటి గొంతు నేను వినలేదు. తైస్తో ఆ స్వరం మళ్ళీ అర మెట్టు కిందే పాడాడు, చచ్చినవాడు. అయినా ఆ క్షణంలో నాకు కోపం రాలేదు.

పాట అయింది. మా చర్చిలో చప్పట్లు కొట్టరు, దేవుడి ఇంట్లో అల్లరి చెయ్యకూడదని పాత పట్టింపు. అందరూ లేచి నిలబడ్డారు. నిలబడి, నిలబడి, తర్వాత మెల్లగా బయటికి నడిచారు. "నచ్చలేదా వీళ్ళకి?" అని సెల్లో అనే పెద్ద తీగవాద్యం వాయించిన పిల్ల నా చెవిలో అడిగింది.

కాఫీ హాల్లో ఏలకుల బన్నులు పళ్ళేల్లో గుట్టలుగా ఉన్నాయి. హెల్వీ గారిని నడిమధ్య బల్ల దగ్గర కూర్చోబెట్టాను, ఎవరొచ్చినా దారి ఉండేలా. జనం గోడల వెంబడి అతుక్కుని నిలబడ్డారు. దుప్పుల వేట అనుమతులు ఎప్పుడిస్తారు, డీజిల్ ఎంతయింది, ఎవరి బంగాళదుంపలకి తెగులొచ్చింది. పాట గురించి కిక్కురుమన్న నాథుడు లేడు! నేను లెంపిని కళ్ళతో పొడిచాను, లెంపి బన్నుల పళ్ళెం వెనక దాక్కుంది. తైస్తోని మోచేత్తో పొడిచాను. వాడు కదిలాడు. నిజంగానే కదిలాడు! కప్పు రెండు చేతులా పట్టుకుని, నదిలో మంచు మీద నడిచేవాడిలా అడుగులో అడుగేసుకుంటూ వెళ్ళి హెల్వీ గారి ముందు నిలబడ్డాడు. హాలంతా మాటలు ఆగిపోయాయి. ఆవిడ తలెత్తి చూసింది.

"కాఫీ," అన్నాడు తైస్తో.

"అవునండీ?"

"వేడిగా ఉంది."

తిరిగొచ్చేశాడు.

ఆవిడ ఇంకో పావుగంట కూర్చుంది. తర్వాత చేతిసంచీ తీసుకుని లేచింది. "ఇర్యా గారూ, నన్ను ఇంటి దగ్గర దింపుతారా? మీరు చాలా కష్టపడ్డారు. మీ తప్పేం లేదు. నాన్నకి తెలిసిందే ఇది." రోడ్డు కేసే చూస్తూ కారు నడిపాను, నోరు తెరిస్తే మా ఊరినంతటినీ బూతులు తిట్టేసేలా ఉన్నాను.

పొద్దున్న ఎనిమిదింటికే లేచి బయల్దేరాను. కాళ్ళా వేళ్ళా పడైనా ఆ పెట్టె లాక్కుందామని. దారిలో నోటికొచ్చిన మాటలన్నీ సాధన చేశాను. ఆవిడ ఇంటి మలుపు తిరిగేసరికి చూశాను, హెల్వీ గారు చేతిబండి తోసుకుంటూ గేటు దాటుతోంది. బండి నిండా బకెట్లు. ఎర్రవి, తెల్లవి, రెండు పాత పాలక్యాన్లు. మూతల కింద పసుపు హిల్లా పండ్లు అంచులదాకా. ఒకదాంట్లో కాగితంలో చుట్టిన పొగచేపలు, ఇంకోదాంట్లో మట్టి కడిగిన కొత్త బంగాళదుంపలు.

నేను బ్రేకు తొక్కి దిగాను. "హెల్వీ గారూ, ఎక్కడికి?"

"చర్చికి. మంచిదైంది మీరొచ్చారు. రాత్రి ఎవరో మా మెట్ల మీద మర్చిపోయి వెళ్ళారు. ఒకటా రెండా, పదకొండు! పాపం ఎక్కడ వెతుక్కుంటున్నారో. కార్డు కూడా రాశాను, చూడండి." పొందికైన గ్రంథాలయం అక్షరాలు: 'మా మెట్ల మీద దొరికినవి. దయచేసి ఎవరివి వారు తీసుకువెళ్ళగలరు.'

నేను ఆ బండి పట్టుకుని నవ్వాను. నవ్వు ఆగక రోడ్డు పక్కన గడ్డిలో కూర్చుండిపోయాను. రాత్రంతా తిట్టుకున్నానే! ఈ ఊళ్ళో పుట్టి, ఈ ఊళ్ళో పెరిగి, గుమ్మం ముందు మంచు ఎవరు తోశారో తెలియకుండా ఒక చలికాలం గడిపిన నాకు తట్టకపోవడమేమిటి? పట్నంలో నాలుగేళ్ళు సంగీతం చదివొచ్చానని నేను కూడా చెవులతో వెతికాను.

"ఎవరూ మర్చిపోలేదండీ. మీకే పెట్టారు."

"నాకా? నేనెవర్ని వాళ్ళకి?"

"నిన్నటి పాటకి. మాకు నోరు లేదు, అదే మా జబ్బు. నచ్చితే మెట్ల మీద పెట్టి తలుపు కొట్టకుండా పోతాం. పేరు చెప్పడం తప్పు, థాంక్స్ చెప్పించుకోవడం ఇంకా తప్పు. ఇదిగో, ఈ ఎర్ర బకెట్టు మీద వేట సంఘం బొమ్మ ఉంది చూడండి, ఇది తైస్తోది. వాడికి హిల్లా పండ్లు ఎక్కడ దొరుకుతాయో సొంత తమ్ముడికి కూడా చెప్పడు. ఇంత బకెట్టు నిండాలంటే చిత్తడిలో మోకాళ్ళ దాకా దిగి దోమల మధ్య రెండు రోజులు వంగాలి. రాజుగారొచ్చి అడిగినా ఇవ్వడు. ఇది చాలా అంటే చాలా బావుంది అని అర్థం, చాలా కంటే ఎక్కువ."

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. బండి పిడులు వదిలేసి రెండు చేతులూ గౌనుకి తుడుచుకుంది, తుడుచుకుంటూనే ఉంది.

"అప్పుడూ పెట్టారు," అంది.

"ఎప్పుడు?"

"నలభై తొమ్మిదిలో. పాట అయిన మర్నాడు పొద్దున. పద్నాలుగు బుట్టలు, బిర్చి చెట్టు బెరడుతో అల్లినవి. ఈ మెట్ల మీదే. నాన్న ఇదే బండి మీద పెట్టి చర్చికి తోసుకెళ్ళాడు. నేను వెనకాల నడిచాను. పరాయివాళ్ళ సొమ్ము, ఒక్క పండు కూడా ముట్టుకోకు అన్నాడు. వసారాలో వరసగా పెట్టి ఇలాంటి కార్డే గుచ్చాడు. ఆదివారం జనం వచ్చారు. ఎవరి బుట్ట వాళ్ళు తీసుకుని తలొంచుకుని వెళ్ళిపోయారు. చూశావా హెల్వీ, ఎంత నిజాయితీ గల మనుషులో, ఎవరిది వాళ్ళే తీసుకున్నారు, ఒక్కటి తేడా రాలేదు అన్నాడు. ఆ రోజంతా ఎదురుచూశాడు, ఎవరైనా పాట మాట ఎత్తుతారేమోనని."

సల్మెలిన్ బుట్ట చెయ్యకు, తిను. మా అవ్వ నా కంచంలో గంజి పోస్తూ అన్న మాట నా చెవిలో గంట కొట్టినట్టయింది. అవ్వా, ఈ కథ నీకు తెలుసు! ఆ పద్నాలుగింట్లో ఒకటి నీదే అయుంటుంది. అంత మొనగాడు మన పండ్లు ముట్టడా, నలుగురిలో తిప్పికొడతాడా అని లోపల మండిపోయి, సామెత చేసి అరిగేదాకా వాడుకున్నారు గాని, ఒక్కరు వెళ్ళి "ఏమయ్యా, మా బుట్టకేమొచ్చింది?" అని అడిగుంటే! ఆయన "నా పాటకేమొచ్చింది?" అని అడిగుంటే! ఒకే వీధిలో ఇరవై రెండేళ్ళు టోపీలెత్తుకుంటూ తిరిగారు. ఎవరి మీద అరవాలో తెలియక నేను బండి చక్రాన్ని ఒక తన్ను తన్నాను, కాలు నొప్పెట్టింది.

హెల్వీ గారు తైస్తో బకెట్టు మూత తీసింది. ఒక పండు తీసి నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది. "నాన్నకి ఇవంటే ప్రాణం," అంది. "ఆ రోజు వంగి వాసన చూసి, మూత పెట్టి తోశాడు." అప్పుడు ఏడ్చింది. ఎనభై ఆరేళ్ళ మనిషి, నడిరోడ్డు మీద, మూతి నిండా పసుపు రసంతో. నేను రుమాలిచ్చి పక్కకి తిరిగాను, మా ఊళ్ళో అలాగే చేస్తాం.

బండి వెనక్కి తిప్పి బకెట్లన్నీ వంటింట్లో దించాం. నేను భయంగా సౌనా కేసి చూశాను. పెట్టె సౌనా గుమ్మంలో సిద్ధంగా ఉంది. "ఇంకా అంటించలేదు కదా?"

"సాయంత్రం అంటిస్తాను. శనివారం కదా, స్నానం చెయ్యొద్దూ?" అని పెట్టె నా చేతుల్లో పెట్టింది. "కట్టెలున్నాయిలెండి."

అంతటితో అయిపోతే బాగుండేది. బకెట్లు కడిగి బోర్లించాక ఆవిడ పద్ధతి మళ్ళీ లేచింది. ఇవి ఎవరివి వాళ్ళకి చేర్చాలి కదా అంది. చేర్చాలి, కానీ ఖాళీగా కాదు, ఖాళీ బకెట్టు పంపడం మా దగ్గర చీవాట్లు పంపడంతో సమానం అన్నాను. ఆవిడ పెట్టె అడుగు నుంచి ఒక కాగితాల కట్ట తీసింది. నలభై తొమ్మిదిలో పాడినవాళ్ళ కోసం ఆయన రాసిచ్చిన ప్రతులు, ఒక్కొక్కదాని మీదా పాడిన మనిషి పేరు. మొయిలనెన్, కార్ప్పినెన్, యల్మరి లెయినోనెన్. పేర్లు ఆవిడ చదువుతుంటే, ఆ ఇళ్ళ మనవల బకెట్లు నేను గుర్తుపట్టాను. మా ఊళ్ళో బకెట్టు చూసి మనిషిని చెప్పొచ్చు.

"హెల్వీ గారూ, ఇవి భాండాగారానికి వెళ్ళాల్సినవి! చేపల బకెట్లో పెడతారా?"

"కడిగాంగా," అంది. అసలు రాతప్రతులు నాకిచ్చింది కాబట్టి నోరు మూసుకున్నాను. మధ్యాహ్నం కారులో ఊరంతా తిప్పాను. ప్రతి ఇంటి ముందూ ఆవిడ దిగి, మెట్ల మీద బకెట్టు పెట్టి, తలుపు కొట్టకుండా వచ్చి కూర్చుంది. నాలుగో ఇంటికల్లా ఆరితేరిపోయింది, కారు తలుపు కూడా చప్పుడు కాకుండా వేసింది.

సోమవారం ఆవిడ తుర్కు వెళ్ళిపోయింది. ఇల్లు అమ్మనని బస్సెక్కేముందు చెప్పింది. ఆ మధ్యాహ్నం నుంచి నేను ఇల్లిల్లూ తిరిగి, ఆ పాత ప్రతుల్ని నకలు తీసి ఇస్తానని బతిమాలి తెచ్చుకున్నాను. అందరూ ఇచ్చారు, తైస్తో తప్ప.

వాడు కొట్టంలో మంచుబండి కింద పడుకుని ఉన్నాడు. వాళ్ళ తాత యల్మరి ఆవుల్ని కట్టిన కొట్టమే అది. గోడకి ఆ కాగితం, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, నాలుగు మేకులు.

"ఒరే, అది ఒక్క రోజు ఇవ్వు. నకలు తీసి ఇచ్చేస్తాను."

"ఇవ్వను."

"బకెట్టు నువ్వే పెట్టావు కదా?"

"ఏ బకెట్టు?"

నేను తల పట్టుకున్నాను. వాడు బండి కింద నుంచి బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. అప్పుడు మాట్లాడాడు, బెంచీలో పక్కన కూర్చున్నప్పటి నుంచి ఇప్పటిదాకా అంత మాట్లాడగా నేను వినలేదు.

"తాత బుట్ట వెనక్కొచ్చింది. ఆ తర్వాత తాత చర్చి గడప తొక్కలేదు. పాలు పితికేటప్పుడు మాత్రం ఇదే పాట, పొద్దునా సాయంత్రం, చచ్చేదాకా. నేను పక్కన బకెట్టు పట్టుకునేవాణ్ణి. నాది కూడా వెనక్కొస్తే రానీ అనుకునే పెట్టాను. రాలేదు. ఇది వచ్చింది. ఇది నేను ఎక్కడికీ పంపను, ఒక్క రోజు కూడా."

తర్వాత గ్రీజు వేలు కవరు మీద పెట్టి చూపించాడు. నిశ్శబ్దం తర్వాత రెండో స్వరం. సిరా మీద పెన్సిల్ గీత, పక్కన సల్మెలిన్ పొట్టి సంతకం. ఆఖరి సాధనలో దిద్దినట్టున్నాడు, అసలు ప్రతిలో దిద్దడం మరిచిపోయాడు. అర మెట్టు కింద.

"తాత తప్పు పాడలేదు," అన్నాడు తైస్తో, మళ్ళీ బండి కిందికి దూరాడు.

ఏడాది పాటు వాణ్ణి నలుగురిలో తిట్టాను. 'నువ్వే రైటురా' అనాలి, ఐదక్షరాలు. గుమ్మం దాకా వచ్చాను, వెనక్కి తిరిగాను, నోరు తెరిచాను. వాడి బూట్లు కనిపిస్తున్నాయి బండి కింద నుంచి. దోమలున్నాయి, తలుపు వేసుకో అని చెప్పి వచ్చేశాను.

మర్నాడు తెల్లారి లేచి రై ధాన్యం పిండి కలిపాను. మధ్యలో బంగాళదుంప ముద్దా ఎర్ర పుల్లపండ్లూ పెట్టి రెండు డజన్ల రొట్టెలు కాల్చి, అవ్వ బెరడు బుట్టలో సర్ది, గుడ్డ కప్పి, తైస్తో మెట్ల మీద పెట్టాను. తలుపు కొట్టలేదు. దొంగలా కారెక్కాను.

ఇవాళ గురువారం. సాధనకి వాడు వస్తాడు, ఆ స్వరం దగ్గర నేను ఆపను. బుట్ట ఇంకా వెనక్కి రాలేదు.